మూయని సున్నలు

మా పత్రికలో ఎవరి పేరూ ఉండకూడదన్నది మేము పెట్టుకున్న మొదటి నియమం. సంపాదకుడి పేరు లేదు, రాసినవాళ్ళ పేర్లు లేవు, కలం పేర్లు కూడా వద్దనుకున్నాం. దీని మీద తార్నాక బస్టాపులో నిలబడి ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నామో. కలం పేరు పట్టుకుని మనిషిని పట్టుకుంటారని ఒకరు, అసలు పేరే లేకపోతే ఎవరి మీదా పడలేరని ఇంకొకరు. అంత తెలివిగా ఆలోచించినవాళ్ళం, పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే మనిషి చేతిరాతలో వస్తోందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ చేతిరాత నాది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కన్నా ముందు ఒళ్ళు మండుతుంది.

అరవైల చివర్లో సంగతి ఇది. ప్రెస్సులో అచ్చు వేయిస్తే పత్రిక అడుగున ప్రెస్సు పేరు వేసి తీరాలి. యూనివర్సిటీని తప్పుపట్టే కాగితం కింద తన పేరు వేసుకునే ప్రెస్సువాడు ఎవడూ మాకు దొరకలేదు. అందుకని సైక్లోస్టైల్ చేశాం. మైనం పూసిన పల్చటి నీలం కాగితం ఒకటుంటుంది, స్టెన్సిల్ అంటారు. దాని మీద ఇనుప మొన ఉన్న కలంతో రాస్తే రాసినచోట మైనం లేచిపోతుంది. దాన్ని యంత్రానికి చుట్టి పిడి తిప్పితే ఆ గీతల్లోంచి సిరా దిగి కాగితాల మీద అక్షరాలు పడతాయి. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి టైపు మిషన్లు ఉన్నాయి, మాకు చేతిరాతే గతి. పైగా మన అక్షరాల నిండా సున్నలే. సున్నను చుట్టూ పూర్తిగా మూసేస్తే మధ్య ముక్క ఊడిపోయి, అక్షరం ఉండాల్సినచోట సిరా ముద్ద పడుతుంది. మొదటి సంచికలో సగం పేజీలు బొట్లు పెట్టినట్టు వచ్చాయి.

కొన్ని స్టెన్సిళ్ళు పాడుచేశాక నేను కిటుకు కనిపెట్టాను. ప్రతి సున్ననూ వెంట్రుకవాసి తెరిచి వదిలేయాలి. చదివేవాళ్ళ కంటికి ఆ సందు ఆనదు, అక్షరం మాత్రం శుభ్రంగా పడుతుంది. అప్పటి నుంచి స్టెన్సిళ్ళన్నీ నా పనే అయ్యాయి. "మీ చెయ్యి పడ్డంకనే పేపర్ చదవొస్తున్నది," అన్నాడు మా సంపాదకుడు. అతను లా చదివేవాడు, నల్గొండ వైపు వ్యవసాయం చేసుకునే ఇంటివాడు, తార్నాకలో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఏదో ట్యుటోరియల్ కాలేజీ పారేసిన యంత్రం ఆ గదిలోనే ఉండేది. అతని మెప్పుకి నేను వారం రోజులు మురిసిపోయాను.

నాది తెలుగు ఎమ్మే, ఆఖరి సంవత్సరం. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్ళం, నాన్న రైల్వేలో గుమాస్తా, లాలాగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. బీయే అయ్యాక నన్ను చదివించడం మా బంధువుల్లో ఎవరికీ ఇష్టం లేదు. బాపట్లలో ఒక సంబంధం అప్పటికే కాచుకుని ఉంది. నాన్న అందరికీ ఎదురు నిలిచి ఫీజు కట్టారు. కట్టి వచ్చిన రోజున నన్ను పిలిచి, "చదువు నీ ఇష్టం. కానీ ఏ గొడవలోనైనా నీ పేరు నా చెవిన పడిందా, ఆ రోజుతో పుస్తకాలు కట్టేయడమే," అన్నారు. ఆయన గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు, అన్న మాట వెనక్కి తీసుకునే మనిషీ కాదు. నాకు లెక్చరర్ని కావాలని ఉండేది. ఇంకేమీ కావాలని ఉండేది కాదు.

అలాంటిదాన్ని పత్రికలో ఎందుకు చేరానంటే, పేరు ఉండదన్నారు కాబట్టి. అంత అమాయకంగా చేరాను.

నేను స్టెన్సిళ్ళు రాసేది ఆర్ట్స్ కాలేజీలో లేడీస్ రూంలో. మగవాళ్ళు, ప్రొఫెసర్లయినా సరే, ఆ గడప దాటరు. మధ్యాహ్నం క్లాసు లేనప్పుడు కిటికీ దగ్గర బల్ల మీద పరుచుకుని రాసుకునేదాన్ని. చుట్టూ అమ్మాయిలు జడలు వేసుకుంటూ, టిఫిన్ డబ్బాలు విప్పుకుంటూ ఉండేవాళ్ళు, అడిగేవాళ్ళు కాదు. అయ్యాక స్టెన్సిల్‌ని చుట్టి మూసిన గొడుగులో దోపేదాన్ని. తార్నాక బస్టాపులో సంపాదకుడి గొడుగూ నా గొడుగూ మారేవి. ఎండాకాలం మొదలయ్యాక కూడా రోజూ మూసిన గొడుగు పట్టుకు తిరిగే ఆ లా విద్యార్థిని చూసి అతని స్నేహితులు ఏడిపించేవాళ్ళట.

మాది ఏ సంఘానికీ చెందని పత్రిక. ఉద్యోగాల గురించి, అవి స్థానికులకే అనే ముల్కీ నిబంధనల గురించి రెండు వైపుల మాటలూ వేసేవాళ్ళం, రెండు వైపుల తిట్లూ తినేవాళ్ళం. వాటివల్ల మాకేమీ కాలేదు. మా కొంప ముంచింది చక్కెర.

అప్పట్లో చక్కెర రేషను. హాస్టల్ మెస్సుకి విడిగా కోటా వచ్చేది, అయినా టీ చప్పగా ఉండేది. "మన టీ ఎందుకు చప్పన" అని ఒక హాస్టల్ విద్యార్థి రాసిచ్చాడు. వార్డెన్‌గారింట్లో పెళ్ళి జరిగిన నెలలో టీ మరీ చప్పబడిందని, పెళ్ళి భోజనంలో మాత్రం లడ్డూలకు లోటు రాలేదని అందులో ఉంది. నేను నవ్వుకుంటూ రాశాను. లడ్డూ అన్న మాట వచ్చినప్పుడల్లా సున్నలు మరింత గుండ్రంగా చుట్టాను కూడా.

పత్రిక బయటికి వచ్చిన మర్నాడు క్యాంపస్ అంతా ఆ లడ్డూల కబుర్లే. ఆ వారంలోనే నోటీసు బోర్డుకి ఒక కాగితం ఎక్కింది. అక్రమంగా వెలువడుతున్న పత్రికపై విచారణ సంఘం వేశారని, బాధ్యులు దొరికితే యూనివర్సిటీ నుంచి తీసివేస్తారని, చేతిరాతను గుర్తుపట్టడం కోసం విద్యార్థుల జవాబు పత్రాలతో పోల్చి చూస్తారని అందులో ఉంది. నేను ఆ చివరి వాక్యాన్ని నిలబడి మళ్ళీ మళ్ళీ చదివాను. ఎందుకంటే ఆ యూనివర్సిటీలో సైన్సు, కామర్సు, లా, ఎకనమిక్స్, అందరూ ఇంగ్లీషులోనే జవాబులు రాస్తారు. ఎమ్మేలో తెలుగులో పరీక్ష రాసేది మా శాఖ ఒక్కటే. మా క్లాసులో ఉన్నది గుప్పెడు మందిమి. వేల మందిలో దాక్కున్నాననుకున్న నేను ఒక చిన్న గదిలో నిలబడి ఉన్నాను.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి తార్నాక వెళ్ళాను. సంపాదకుడి గదికి అంతకు ముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఇంటి యజమానురాలు వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"ఎవరు గావాలె?" అంది తలెత్తకుండానే. చెప్పాను. "ఆడపిల్లలు లోపటికి పోవద్దు. గేటు కాడనే నిలబడి మాట్లాడుకోండ్రి," అని, ఆవిడ మాత్రం అక్కడి నుంచి కదలలేదు. ఆవిడకు వినబడకుండా, అతనికి వినబడేలా చెప్పడానికి నానా అవస్థ పడ్డాను.

"గీ సంగతి మనకెట్ల తట్టలేదు?" అన్నాడతను అంతా విని.

"ఇప్పుడనుకుని ఏం లాభం?"

"మీరేం ఫికర్ చేయకుండ్రి. నేను పోయి నేనే రాసిన అని చెప్త."

"మీ రాత చూపించమంటారు."

అతను తన చేతి వంక చూసుకున్నాడు. అతని రాత ఎలాంటిదంటే, వ్యాసాలు రాసిచ్చి, బస్టాపులో పక్కన నిలబడి చదివి వినిపిస్తే తప్ప నేను స్టెన్సిల్ మీదికి ఎక్కించలేకపోయేదాన్ని. నేరం తన మీద వేసుకుందామన్నా ఆ మనిషికి కుదరదు. నా బదులు ఇంకెవరికీ కుదరదు. ఆ గేటు దగ్గర నాకు అర్థమయిన సంగతి అదే. వ్యాసం రాసినవాడికి ఏమీ కాదు, యంత్రం తిప్పినవాళ్ళకి ఏమీ కాదు, పంచినవాళ్ళకి ఏమీ కాదు. దొరికేదాన్ని నేనొక్కదాన్నే.

"గిది దల్చుకొని మీరు బాధ పడొద్దు, మీ మీదికి రానియ్య," అన్నాడు అతను, ఎలా రానివ్వడో తనకే తెలియకుండా. మంచివాడే. కానీ ఆ క్షణంలో ఆ మంచితనం నాకు చికాకు తెప్పించింది.

లాలాగూడ దాకా నడిచే వెళ్ళాను. బస్సులో ఎవరైనా ఎదురుగా కూర్చుంటే ఏడుస్తానని భయం. రైల్వే వర్క్‌షాపు వదిలే వేళయింది, సైకిళ్ళ మీద జనం వస్తున్నారు. నాన్న కూడా ఆ వేళకే వస్తారు. ఎవరో ఒకరు ఆయన్ని ఆపి, మీ అమ్మాయి సంగతి తెలిసిందా అని అడుగుతున్నట్టే ఉంది. ఆ వారమంతా అదే పని. వాకిలి చప్పుడయితే చాలు, నాన్న ముఖం చూసేదాన్ని. ఆయన మామూలుగా చొక్కా విప్పి కొయ్యకు తగిలించి మంచినీళ్ళు అడిగితే, ఇవాళ్టికి గండం గడిచిందనుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. అమ్మ దిష్టి తీసింది.

తర్వాతి వారం మా శాఖాధిపతి నన్ను తన గదికి పిలిపించారు. పెద్దాయన, క్లాసులో కూడా మెల్లగా, వెతుక్కుంటూ మాట్లాడేవారు. బల్ల మీద ఒక పక్క మా పత్రిక, ఇంకో పక్క అర్ధ సంవత్సర పరీక్షల జవాబు పత్రాలు. అన్నిటి పైనా నాదే ఉంది.

"కూర్చోమ్మా," అన్నారు. కూర్చున్నాను.

"మొదటి సంవత్సరంలో నీ అక్షరాలు నిండుగా ఉండేవి. ఈ మధ్య నువ్వు సున్నలు మూయడం మానేశావు."

ఆ సందు నా మామూలు రాతలోకి కూడా వచ్చేసిందని నాకు అప్పటిదాకా తెలియదు. స్టెన్సిల్ కోసం నేర్చుకున్న కిటుకు చేతికి అలవాటయిపోయి, పరీక్ష కాగితాల మీద సంతకంలా పడి కూర్చుంది.

"నువ్వు రాశావా అని నేను అడగను," అన్నారు ఆయన. "అడిగితే నువ్వు నిజం చెప్తావు. అది విన్నాక రాసిచ్చిన మాట మీద నేను నిలబడలేను. ఈ రాత మా పిల్లలెవరిదీ కాదని విచారణ సంఘానికి మొన్ననే రాసిచ్చేశాను. వార్డెన్‌గారు నమ్మలేదు. వార్షిక పరీక్షలకి మీ హాల్లో సూపరింటెండెంటు ఆయనే, అడిగి మరీ వేయించుకున్నారు. నా మాట నిలబెట్టే పని ఇక నీది."

పత్రికను మడిచి సొరుగులో పెట్టుకుని, నా జవాబు పత్రం నాకే ఇచ్చేశారు. దండం పెట్టి బయటికి వచ్చాను. బతికిపోయానన్న సంతోషం రాలేదు. ఇప్పుడు నేను దొరికితే ఆయన కూడా దొరుకుతారు.

ఆ రోజు నుంచి పాఠాలు చదవడం తగ్గించి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. ఇరవై దాటిన మనిషి ఓనమాలు దిద్దుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సన్నగా, ఇరుకుగా, కుడివైపుకు వాలుతూ, సున్నలన్నీ గట్టిగా మూసి. తలకట్లు నేను సహజంగా పైకి ఎగరేసేదాన్ని, వాటిని చదును చేశాను. కొమ్ములు పొట్టిగా కత్తిరించాను. చెయ్యి మాట వినేది కాదు. నాలుగు వాక్యాలు కొత్త రాతలో వస్తే ఐదోది పాతదానికి జారిపోయేది. నేను ఏం రాస్తున్నానో ఆలోచిస్తే ఎలా రాస్తున్నానో మరిచిపోయేదాన్ని, ఎలా రాస్తున్నానో చూసుకుంటే ఏం రాయాలో పోయేది.

ఒకరోజు నాన్న నా వెనక నిలబడి చూశారు. "ఏవిటమ్మా ఆ రాత, చీమలు పాకినట్టు?"

"వేగం కోసం నాన్నా. పరీక్షలో టైము చాలట్లేదు."

"ముందు రాతే బావుండేది," అని వెళ్ళిపోయారు. ఆయనతో నేను అబద్ధాలు ఆడేదాన్ని కాదు. అంత సులువుగా నోటి వెంట వచ్చినందుకు నాకే దడ పుట్టింది.

పరీక్షల్లో వార్డెన్‌గారు మొదటి రోజు నుంచే మా వరసల మధ్య తిరిగారు. బూట్లు చప్పుడయ్యేవి. ఆ చప్పుడు దూరంగా ఉంటే రాసేదాన్ని, దగ్గరికి వస్తే మరీ జాగ్రత్తగా రాసేదాన్ని, వెనక ఆగిపోతే కలం కాగితానికి అంటుకుపోయేది. ఒకసారి నా బల్ల పక్కన నిలబడి, నేను రాస్తున్న కాగితం నా చేతి కింద నుంచి లాగి తీసుకున్నారు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. హాలంతా కలాలు ఆగిపోయాయి. ఆయన నా ముఖం వంక చూశారు. హాల్ టికెట్ అడిగి చూశారు. కాగితాన్ని బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు.

అలసట వచ్చేసరికి నా పాత చెయ్యి తిరగబడింది. ఆఖరి పేపరులో, అదీ నాకు బాగా వచ్చిన జవాబులో, సగం పేజీ నా అసలు రాతలో రాసేశానని చూసుకుని దాన్నంతా అడ్డంగా కొట్టేశాను. అక్షరం కనబడకుండా సిరా పూసి, మళ్ళీ మొదటి నుంచి ఇరుకుగా రాశాను. గంట కొట్టేసరికి ఒక ప్రశ్న పూర్తిగా మిగిలిపోయింది. ఆ జవాబు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

విచారణ ఏమీ తేల్చలేదు. సంపాదకుడు మరో రెండు సంచికలు తన చేత్తోనే రాసి తెచ్చాడు. ఎవరికీ అర్థం కాలేదు, దాంతో పత్రిక ఆగిపోయింది. మరుసటి ఏడాది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చి క్లాసులే జరగలేదు, చక్కెర గురించి పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. నేను సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఫస్ట్ క్లాసు వస్తుందని నాన్న అందరికీ చెప్పుకున్నారు. అయినా ఏమీ అనలేదు, బాపట్ల సంబంధం మాట కూడా ఎత్తలేదు. నాకు కావలసిన చదువు దక్కింది. భయపడవలసింది ఇంకేమీ లేదు.

పరీక్షలు రాసిన ఆ వేసవిలోనే అమ్మ ఒక పోస్టు కార్డు నా చేతికిచ్చి అమ్మమ్మకు రాయమంది. పరీక్షల హడావుడిలో రెండు మూడు నెలలుగా రాయలేదు. మా అమ్మమ్మ బడికి వెళ్ళిన మనిషి కాదు. నేను చిన్నప్పుడు సెలవులకి తెనాలి వెళ్ళి, పలక మీద రాసి చూపించి ఆవిడకి అక్షరాలు నేర్పాను. ఆవిడకి నా రాత ఒక్కటే చదవడం వచ్చు. అచ్చు పుస్తకం ఇస్తే ఇవి వేరే అక్షరాలనేది. నేను క్షేమమని, పరీక్షలు బాగా రాశానని నాలుగు ముక్కలు రాసి కార్డు పోస్టు చేశాను.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది, పక్కింటివాళ్ళ చేత రాయించింది. నాన్న పైకి చదివారు. పిల్లకి ఏమయింది, ఎవరి చేతో రాయించి పంపారు, నా దగ్గర ఏదో దాస్తున్నారు, అని ఉంది అందులో.

వెంటనే కూర్చుని ఇంకో కార్డు తీశాను. అమ్మమ్మకి తెలిసిన రాతలో రాద్దామని. చెయ్యి రాలేదు. ఏ అక్షరం మొదలుపెట్టినా సన్నగా, ఇరుకుగా, పక్కకు వాలిపోయి వచ్చింది. నెమ్మదిగా గుండ్రంగా చుట్టబోతే పిల్లలు దిద్దినట్టు వంకరలు పోయింది. నాన్న చూస్తున్నారు, అమ్మ చూస్తోంది. వేగం కోసమన్నానే, ఇప్పుడు ఏ వేగం కావాలి. కార్డు మీద కార్డు పాడుచేశాను. చివరికి వచ్చినంతమటుకు వచ్చిన రాతతోనే, నేనే రాస్తున్నాను అమ్మమ్మా అని రాసి పంపాను.

ఆ కార్డు అందుకుని ఆవిడ నమ్మలేదు. ఒక్కతే రైలెక్కి సికింద్రాబాదులో దిగి, అడ్రసు కాగితం అందరికీ చూపించుకుంటూ మా క్వార్టరుకి వచ్చేసింది. నేను వాకిట్లోనే ఉన్నాను. చేతిలో సంచీ కింద పడేసి, నన్ను ఎగాదిగా చూసి, నా కుడిచెయ్యి పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని మణికట్టు దగ్గర నుంచి ఒత్తి చూసింది, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది. విరిగినట్టు లేదే, అంది తనలో తను. అన్నాళ్ళ భయంలో ఒక్క చుక్క రాలని కన్నీళ్ళు అప్పుడు ఆగకుండా వచ్చాయి, దానితో ఆవిడకి అనుమానం రూఢి అయిపోయింది.

"ఎక్కడ నొప్పి తల్లీ?" అని అడిగింది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎక్కడని చెప్పాలో తెలియక, బొటనవేలి మొదట్లో అన్నాను. ఆవిడ కొబ్బరినూనె వెచ్చబెట్టి తెమ్మని అమ్మకి చెప్పి, అది రాగానే ఆ చోట రాయడం మొదలుపెట్టింది.